శివారు కాలనీలో ఇంటి ఇంటర్నెట్: కనెక్షన్ తీసుకునే ముందు చూసుకోవలసినవి

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు అటూ ఇటూ ఉన్న బీరంగూడ, అమీన్‌పూర్, బాచుపల్లి, నారపల్లి, తుర్కయంజాల్ వంటి చోట్ల ఇల్లు కట్టుకున్నవారికి గృహప్రవేశమైన మర్నాడే ఎదురయ్యే ప్రశ్న, నెట్ ఎవరి దగ్గర తీసుకోవాలి అన్నది. పేరున్న కంపెనీ వెబ్‌సైటులో పిన్‌కోడ్ కొడితే మీ ప్రాంతంలో సేవ అందుబాటులో ఉందనే వస్తుంది. కానీ శివారులో ఒక్క పిన్‌కోడ్ కింద రెండు మూడు ఊళ్లూ, పదుల కొద్దీ కాలనీలూ ఉంటాయి. కాబట్టి ఆ కంపెనీ ఫైబర్ ఆ చుట్టుపక్కల ఎక్కడిదాకానో వచ్చిందని మాత్రమే దానికి అర్థం, మీ గల్లీ మలుపు తిరిగిందని కాదు. ఇక్కడ ఒకే కంపెనీ కనెక్షన్ నాలుగో వీధిలో ఏడాది పొడవునా చక్కగా పనిచేస్తూ, ఆరో వీధిలో వారానికోసారి పడిపోవడం మామూలు. అందువల్ల ఏ కంపెనీ మంచిదని అడగడం కంటే, మా ఇంటికి వచ్చే చివరి రెండు వందల మీటర్ల తీగ ఎవరిది, అది తెగితే ఎవరు వస్తారు అని అడగడం మేలు.

ముందు వీధిలో ఒక చుట్టు తిరగండి

పగటిపూట ఒక అరగంట తీరిక చేసుకుని, మీ ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా స్తంభాలను చూస్తూ నడవండి. నల్లటి సన్నని తీగలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో, స్తంభానికి కట్టిన డబ్బాల మీద ఏ పేర్లు ఉన్నాయో గమనించండి. మీ ఇంటికి రెండు మూడు స్తంభాల దూరంలో డబ్బా ఉన్న కంపెనీకి మీకు లైను ఇవ్వడం తేలిక, తెగినప్పుడు అతకడమూ తేలిక. డబ్బా అర కిలోమీటరు అవతల ఉంటే, మీ ఒక్కరి కోసం తీగను చెట్ల కొమ్మల మీదుగా, ఎవరి డాబా పిట్టగోడల మీదుగానో తీసుకువస్తారు. ఆ డాబా యజమానికి ఎప్పుడు కోపం వస్తే అప్పుడు మీ నెట్ పోతుంది.

తరువాత ఇరుగుపొరుగును అడగండి, అయితే 'నెట్ బాగుందా?' అని కాదు. ఆ ప్రశ్నకు అందరూ 'బాగానే ఉందండీ' అంటారు. కిందటిసారి ఎప్పుడు పోయింది, ఎన్ని గంటలకు వచ్చింది, ఎవరికి ఫోన్ చేశారు, ఆదివారం పోతే వచ్చారా, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య వీడియో ఆగుతుందా అని అడగండి. మీ వీధిలో ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారు ఎవరైనా ఉంటే వారి మాటకు ఎక్కువ విలువ ఇవ్వండి, ఎందుకంటే అమెరికా వేళలకు మీటింగులలో కూర్చునేవారికి తెలిసినంతగా నెట్ గుణగణాలు ఇతరులకు తెలియవు. మూల మీది కిరాణా కొట్టువారిని కూడా అడగవచ్చు. దుకాణం సీసీ కెమెరా ఆగినప్పుడల్లా లెక్కపెట్టుకునేది వారే.

కంపెనీ పేరు ఒకటి, వచ్చే మనిషి ఒకరు

శివారులో చాలా కనెక్షన్లు స్థానిక కేబుల్ ఆపరేటర్ చేతుల మీదుగానే వస్తాయి. ఒకప్పుడు టీవీ కేబుల్ వేసిన వ్యక్తే ఇప్పుడు ఫైబర్ లాగి, పైనుంచి ఏదో ఒక పెద్ద కంపెనీ దగ్గర నెట్ తీసుకుని ఇళ్లకు ఇస్తుంటారు. బిల్లు మీద ఒక పేరు, డబ్బాపై ఒక పేరు, ఫోన్ ఎత్తే మనిషి మరొకరు. ఇది ఒక్క ప్రైవేటు సంగతే కాదు, బీఎస్ఎన్ఎల్ ఫైబర్ కూడా చాలాచోట్ల స్థానిక భాగస్వాముల ద్వారానే ఇళ్లకు చేరుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్‌ది కూడా ఇదే పద్ధతి. రాష్ట్ర సంస్థ కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ వేస్తే, ఇంటింటికీ అందించే పని కేబుల్ ఆపరేటర్లది. కాబట్టి విజయవాడ శివారులో ఉన్నా, విశాఖలో మధురవాడ దాటి ఉన్నా అడగవలసింది ఇదే.

మన దేశంలో ఇంటర్నెట్ సేవకు ఇచ్చే లైసెన్సులు మూడు తరగతులు: ఏ తరగతి దేశమంతటికీ, బీ తరగతి ఒక టెలికాం సర్కిల్‌కు (సుమారు ఒక రాష్ట్రమంత ప్రాంతానికి), సీ తరగతి అంతకంటే చిన్న ప్రాంతానికి. చిన్న లైసెన్సుదారు అయినంత మాత్రాన సేవ నాసిగా ఉంటుందని అనుకోనక్కరలేదు. నా అనుభవంలో, పక్క వీధిలోనే కాపురముండి, వర్షంలో కూడా నిచ్చెన భుజాన వేసుకుని వచ్చే ఆపరేటర్, యాప్‌లో టికెట్టు పెట్టించుకుని నలభై ఎనిమిది గంటలు ఆగమనే పెద్ద కంపెనీ కంటే చాలా రెట్లు నయం. అయితే ఆయన ఒక్కడే అన్నీ అయినప్పుడు, ఆయన ఊరెళితే మీ లైనూ సెలవు తీసుకుంటుంది. పనివాళ్లు ఎంతమంది, తెగిన ఫైబర్‌కు అతుకులు వేసే యంత్రం సొంతానికి ఉందా లేక అద్దెకు తెస్తారా అన్నది మొహమాటపడకుండా అడగండి. అద్దెకు తెచ్చేవారైతే, తెగిన రోజే అతకడం కష్టం.

ఫైబరా, ఎయిర్ ఫైబరా, పాత తీగా

ఫైబర్ అని అందరూ అంటారు గానీ, అది ఇంటి లోపలి దాకా వస్తుందా లేదా అన్నది తేల్చుకోవాలి. అసలైన ఫైబర్ కనెక్షన్‌లో గాజు పోగు నేరుగా మీ గదిలోని పెట్టెకు చేరుతుంది. దారిలో ఒక పోగును ముప్పై రెండో అరవై నాలుగో ఇళ్లకు పంచే స్ప్లిటర్ ఉంటుంది, దానికి కరెంటు అక్కరలేదు. అందువల్ల వీధి అంతా చీకటైనా, ఆపరేటర్ ఆఫీసులో బ్యాటరీ, మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే నెట్ నడుస్తూనే ఉంటుంది. పాత పద్ధతిలో ఫైబర్ ఎవరిదో డాబా మీది డబ్బా వరకే వచ్చి, అక్కడి నుంచి రాగి తీగతో ఇళ్లకు పోతుంది. ఆ డబ్బాలోని స్విచ్‌కు ఆ ఇంటి కరెంటే ఆధారం కాబట్టి, అక్కడ కరెంటు పోతే, మీ ఇంట్లో దీపాలు వెలుగుతున్నా నెట్ ఉండదు. పైగా పిడుగులు పడే రోజుల్లో రాగి తీగ మీదుగా వచ్చే కరెంటుకు రౌటర్లు కాలిపోవడం తెలిసిన సంగతే. ఇంట్లోకి వచ్చే తీగ టెలిఫోన్ తీగ కంటే సన్నగా, చివర పచ్చటి లేదా నీలం ప్లాస్టిక్ ముక్కతో ఉంటే ఫైబర్. ఎనిమిది రంగుల పోగులతో ప్లగ్ ఉంటే రాగి.

మూడోది ఎయిర్ ఫైబర్. 2023 సెప్టెంబరులో జియో ఈ సేవను మొదలుపెట్టిన ఎనిమిది నగరాలలో హైదరాబాద్ ఒకటి, ఎయిర్‌టెల్‌కు కూడా ఇటువంటిదే ఉంది. డాబా మీద ఒక పెట్టె బిగించి, 5జీ టవర్ నుంచి సంకేతాలు అందుకుని ఇంట్లో వైఫైగా ఇస్తారు. పేరులో ఫైబర్ ఉన్నా ఇంటికి ఏ పోగూ రాదు. ఫైబర్ లాగని కొత్త వెంచర్లలో ఇదే దిక్కు, తీగ తెగే బాధ లేకపోవడం దీని సుగుణం. కానీ అదే టవర్‌ను చుట్టుపక్కల సెల్‌ఫోన్లన్నీ పంచుకుంటాయి కనుక సాయంత్రాలు వేగం తగ్గవచ్చు, పైకి పంపే వేగం సాధారణంగా ఫైబర్ కంటే తక్కువగా ఉంటుంది. బిగించడానికి వచ్చిన మనిషిని, డాబా మీదనే ఫోనుతో వేగం చూపించమని అడగండి. టవర్‌కూ మీకూ మధ్య ఖాళీ ప్లాటు ఉంటే, అక్కడ రేపు ఐదంతస్తుల భవనం లేవదన్న హామీ ఎవరూ ఇవ్వలేరన్నది కూడా గుర్తుంచుకోండి. ఫైబర్ దొరికే వీధిలో ఉండి ఎయిర్ ఫైబర్ తీసుకోవడం నా దృష్టిలో దండగ.

ఒక అతుకు కథ

మేము బీరంగూడ వైపు ఇల్లు మారినప్పుడు, హోర్డింగులు చూసి ఒక పెద్ద కంపెనీ కనెక్షన్ తీసుకున్నాము. మొదటి వారం బాగానే నడిచింది. తరువాత మధ్యాహ్నం ఎండ ముదిరే వేళకు నెట్ పోయి, సాయంత్రం తిరిగి రావడం మొదలైంది. ఫోన్ చేస్తే రౌటర్ ఆపి మళ్లీ వేయమనేవారు. వేస్తూ పోయాము. పద్దెనిమిది రోజుల తరువాత వచ్చిన ఒక కుర్రవాడు, ముందు వచ్చినవారిలా రౌటర్ ముందు కూర్చోకుండా, జేబులోంచి అరచేతిలో పట్టే పసుపు పచ్చ మీటరు తీసి, పెట్టె వెనుక నుంచి ఊడదీసిన పోగును దానికి తగిలించాడు. తెర మీద మైనస్ 28 అని కనిపించింది. నేరుగా డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు పక్కన నల్ల టేపు చుట్టిన అతుకును విప్పితే, టేపు ఎండకు కరిగి జిగురుగా చేతికి అంటుకుంది, లోపలి పోగు గోడ మూలకు ఆనుకుని వంగిపోయి ఉంది. అతుకు కోసి కొత్తగా వేసి, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో అమర్చి కిందికి వచ్చి చూస్తే అదే మీటరు మైనస్ 19 చూపింది. ఆ తరువాత ఆ లైను ఎండలకు పోలేదు.

ఆ అంకెల సంగతి తెలుసుకోవడం వల్ల వినియోగదారుకు చాలా లాభం. ఇంట్లోకి వచ్చే కాంతి బలాన్ని ఆ మీటరు డీబీఎం అనే కొలతలో చెబుతుంది. సున్నాకు దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ. మామూలు ఇంటి ఫైబర్ పరికరాలకు మైనస్ 15 నుంచి మైనస్ 25 వరకు నిశ్చింతగా ఉండవచ్చు, మైనస్ 27 దాటితే లైను ఊగిసలాడుతుంది. కనెక్షన్ ఇచ్చిన రోజునే ఆ అంకె చూపించమని అడిగి, ఫోటో తీసి ఉంచుకోండి. చాలా పెట్టెలలో రౌటర్ సెట్టింగుల పేజీలో కూడా అది కనిపిస్తుంది. తరువాత నెట్ పోయి, పెట్టె మీద లాస్ (LOS, అంటే సంకేతం అందడం లేదని) అని రాసి ఉన్న ఎర్ర దీపం మినుకుమినుకుమంటే లోపం బయటి తీగలో ఉంది, రౌటర్ ఆపి వేసి లాభం లేదు. ఆ ముక్క ఫోన్‌లో మొదటే చెబితే మీకు సగం కాలయాపన తగ్గుతుంది.

స్తంభం మీది తీగ, భూమిలోని తీగ

2025 ఆగస్టులో హైదరాబాద్‌లోని రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయిన తరువాత, విద్యుత్ సిబ్బంది నగరమంతటా కరెంటు స్తంభాలకు వేలాడే కేబుళ్లను కోసివేయడం మొదలుపెట్టారు. ఎన్నో కాలనీల్లో నెట్ ఒక్కసారిగా ఆగిపోయింది, వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. ప్రాణాలు పోతుంటే తీగలు తీయడంలో తప్పు పట్టలేము. కనెక్షన్ తీసుకునే మనకు దీని వల్ల తెలిసేది, స్తంభం మీది తీగకు అనుమతి ఉందా లేదా అన్నది ఆపరేటర్ సొంత వ్యవహారం మాత్రమే కాదని. మీ లైను కరెంటు స్తంభం మీదుగా వస్తుందా, కంపెనీ సొంత స్తంభాలా, లేక భూగర్భ గొట్టమా అని అడగండి. భూమిలో వేసినదానికి జేసీబీ గండం ఉంటుంది. డ్రైనేజీ పనులు, మంజీర నీటి పైపులైను తవ్వకాలు జరిగే కాలనీలో అది చిన్న గండమేమీ కాదు. అయినా రెండింటిలో భూగర్భ లైనే నాకు నచ్చుతుంది.

గేటెడ్ కమ్యూనిటీలో ఉంటే ఈ ఎంపిక చాలావరకు మీ చేతిలో ఉండదు. బిల్డర్ ఒకే కంపెనీని లోపలికి రానిచ్చి ఉంటే, సంక్షేమ సంఘం సమావేశంలో రెండో కంపెనీని అనుమతించమని గట్టిగా అడగడమే మార్గం. రెండు కంపెనీలు ఉన్న చోట రెండూ కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తాయి.

వేగం, పరిమితి, బిల్లు

ప్లాను మీద రాసే 100 ఎంబీపీఎస్ అన్నది బిట్ల లెక్క, అంటే సెకనుకు 100 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, డౌన్‌లోడ్ చేసేటప్పుడు సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి కనబడదు. అది మోసం కాదు. నలుగురున్న ఇంట్లో ఒక టీవీ 4కేలో నడుస్తూ, ఒకరు మీటింగులో, పిల్లలు తరగతులలో ఉన్నా 100 సరిపోతుంది, ఎందుకంటే 4కే వీడియోకు ఇంచుమించు 15 నుంచి 25 ఎంబీపీఎస్, మామూలు హెచ్‌డీకి 5 చాలు. పైకి పంపే వేగం ఎంతో విడిగా అడగండి. వీడియో కాల్‌లో మీ ముఖం అవతలివారికి గళ్లు గళ్లుగా కనిపించడానికి కారణం తరచుగా అదే.

అపరిమితం అన్న మాటకు కూడా పరిమితి ఉంది. పెద్ద కంపెనీల ఫైబర్ ప్లాన్లలో నెలకు 3300 జీబీ, ఎయిర్ ఫైబర్‌లో 1000 జీబీ అన్నవి తరచుగా కనిపించే హద్దులు. అవి దాటితే వేగం బాగా తగ్గిపోతుంది. 3300 అంటే రోజుకు 110 జీబీ, మామూలు కుటుంబం వాడలేదు. 1000 అంటే రోజుకు 33 జీబీ మాత్రమే. 4కే వీడియో గంటకు 7 జీబీ దాకా తింటుంది కాబట్టి, రోజూ ఐదు గంటలు పెద్ద టీవీ నడిచే ఇంట్లో నెలాఖరు వారం ఇబ్బందిగా గడుస్తుంది.

ప్రకటనలో ధర పన్ను లేకుండా వేస్తారు. 699 రూపాయల ప్లానుకు 18 శాతం జీఎస్టీ కలిపితే 824 రూపాయల 82 పైసలు. దానికి తోడు ఇన్‌స్టలేషన్ చార్జీ, పెట్టెకు డిపాజిట్, అది తిరిగి వస్తుందా రాదా అన్నవి కాగితం మీద రాయించుకోండి. ఏడాదికి ఒకేసారి కడితే నెలో రెండు నెలలో ఉచితం అంటారు. మొదటి మూడు నెలలు నెలనెలా కట్టి, ఒక వర్షాకాలం చూసిన తరువాతనే ఏడాది ప్లానుకు పోవాలని నా సలహా. స్థానిక ఆపరేటర్ తన లైన్లను మరొకరికి అమ్ముకుని వెళ్లిపోయినప్పుడు, ముందే కట్టిన డబ్బు రాబట్టడం ఎంత కష్టమో మా పక్కింటివారికి బాగా తెలుసు.

ఇంట్లోని పెట్టె

మూడంతస్తుల ఇల్లు కట్టి, కింది హాలులో మూలన రౌటర్ పెట్టి, పైగదిలో నెట్ రావడం లేదని కంపెనీని తిట్టేవారు మనలో చాలామంది. వైఫైలో రెండు బ్యాండ్లు ఉంటాయి: 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది గానీ వేగం తక్కువ, 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది గానీ రెండు గోడలకే నీరసిస్తుంది. మన కాంక్రీటు శ్లాబులను దాటడం దేనికైనా కష్టమే. ఇల్లు కడుతున్న దశలోనే ప్రతి అంతస్తుకూ ఒక లాన్ తీగకు (రౌటర్ నుంచి నెట్ తీసుకుపోయే తీగకు) పైపు వేయించుకుంటే, పై అంతస్తులో ఇంకొక రౌటర్ పెట్టుకోవచ్చు. ఇచ్చే పెట్టె రెండు బ్యాండ్లదేనా, దానిలో తీగ గుచ్చే పోర్టు 100 ఎంబీపీఎస్‌దా, గిగాబిట్‌దా (1000 ఎంబీపీఎస్) అన్నది చూడండి. చవక పెట్టెలలో పోర్టు 100 దగ్గరే ఆగుతుంది కనుక, దానితో 300 ప్లాను తీసుకున్నా తీగ మీద 95 దాటదు.

కరెంటు కోతలున్న చోట ఫైబర్ పెట్టెకు చిన్న యూపీఎస్ కొనుక్కోండి. చాలా పెట్టెలు 12 వోల్టులవే అయినా, కొనే ముందు అడాప్టర్ మీద రాసిన వోల్టులూ ఆంపియర్లూ చూసుకోవాలి. ఊళ్లో ఉండి ఇంటి సీసీ కెమెరాలను చూడాలనుకునేవారు, కెమెరా సొంత యాప్‌తో నడిచేదైతే ఏ ఇబ్బందీ ఉండదు. పాత తరహా రికార్డరుకు నేరుగా కలవాలంటే మాత్రం స్థిరమైన ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్‌కు మారని చిరునామా) కావాలి, దానికి ఎంత తీసుకుంటారో ముందే కనుక్కోండి.

మొదటి వారం, ఆ తరువాత

కనెక్షన్ వచ్చిన వారం రోజుల పాటు పొద్దున, రాత్రి తొమ్మిదింటికి వేగం కొలిచి రాసి పెట్టుకోండి. కొలిచేటప్పుడు ల్యాప్‌టాప్‌ను తీగతో రౌటర్‌కు కలపాలి, లేకపోతే మీరు కొలిచేది గోడలను గానీ లైనును కాదు. పగలు 98, రాత్రి 20 వస్తుంటే ఆపరేటర్ పైనుంచి కొన్న సామర్థ్యం కంటే ఎక్కువ మందికి అమ్ముతున్నాడని అనుమానించవచ్చు. అది తీగ మార్చినంత మాత్రాన బాగుపడేది కాదు.

ఫిర్యాదు చేసినప్పుడల్లా డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు సంఖ్య) అడిగి తీసుకోండి, మాటతో సరిపెట్టనివ్వకండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం, కంపెనీ ఫిర్యాదుల కేంద్రంలో పని జరగకపోతే అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లే హక్కు మీకు ఉంది, దానికి ఆ నంబరే ఆధారం. ట్రాయ్ విడి విడి ఫిర్యాదులను తానుగా తీసుకోదు కాబట్టి అక్కడికి లేఖలు రాసి కాలం వృథా చేసుకోవద్దు. డిపాజిట్ ఎగవేత వంటి డబ్బు తగాదాలకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

మారాలనుకున్నప్పుడు, సెల్‌ఫోన్ నంబరులా బ్రాడ్‌బ్యాండ్‌కు పోర్టింగు లేదు. కొత్తది పూర్తిగా బిగించి, పది రోజులు నడిచిన తరువాతనే పాతదానిని ఆపమని రాతపూర్వకంగా చెప్పండి. పెట్టె తిరిగి తీసుకోవడానికి వచ్చిన మనిషికి ఊరికే చేతిలో పెట్టి పంపకుండా, దాని అడుగున అంటించిన సీరియల్ నంబరును ఫోటో తీసి, అడాప్టర్‌తో సహా అప్పగించినట్టు రసీదు మీద సంతకం తీసుకోండి. మూడు నెలల తరువాత పెట్టె ఇవ్వలేదంటూ ఫోన్ వస్తే చూపించడానికి అది కావాలి.